అంకె ఏమి చెబుతుంది, ఏమి దాస్తుంది?
మానసిక స్థితి, నాడీవ్యవస్థ అంచనా సాధనాలపై విమర్శనాత్మక పరిశీలన

6.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఎం.ఎం.ఎస్.ఇ. పరీక్ష నిర్మాణాన్ని వివరించి, అందులో చదువు మీద ఆధారపడిన అంశాలను గుర్తించగలుగుతారు.
• అనువాదానికీ, అనుసరణకూ ఉన్న తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• డిమెన్షియానూ, డెలిరియంనూ వేరు చేసే నర్సింగ్ పరిశీలనలను పేర్కొనగలుగుతారు.
• గ్లాస్గో కోమా స్కేలు బలాన్నీ, పరిమితులనూ బేరీజు వేయగలుగుతారు.

6.1 పరిచయం

గత భాగంలో మానసిక స్థితి పరీక్షలోని అంశాలను ఒక్కొక్కటిగా నేర్చుకున్నారు: రూపం, ప్రవర్తన, మాట, మనోభావం, ఆలోచన, స్థలకాల జ్ఞానం, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, విచక్షణ. వాటిని పరీక్షించే సాధనాలనూ చూశారు. ఈ భాగంలో చేసే పని వేరు. ఇక్కడ ఆ సాధనాలనే పరీక్షకు పెడతాం.

ఇది ఎందుకు అవసరం? థర్మామీటరు కశింకోటలోనైనా, కాలిఫోర్నియాలోనైనా జ్వరాన్ని ఒకేలా చూపిస్తుంది. మనసును కొలిచే ప్రశ్నావళి అలా పనిచేయదు. అది మాటలతో తయారయింది. మాటలకు ఒక భాష, ఒక బడి, ఒక ఊరు ఉంటాయి. ప్రశ్న తయారుచేసినవారి ఊరు ఒకటి, జవాబు చెప్పేవారి ఊరు మరొకటి అయినప్పుడు, వచ్చిన అంకె రోగి మెదడును గురించి చెబుతోందా, ఆ రెండు ఊళ్ల మధ్య దూరాన్ని గురించి చెబుతోందా అన్నది తేల్చుకోవలసిన బాధ్యత నర్సుది. ఎందుకంటే ఆ అంకెను మొదట కేసు షీటులో రాసేది చాలాసార్లు నర్సే. ఒకసారి రాసిన అంకె ఆ మనిషితోపాటు వార్డు నుంచి వార్డుకు, ఆసుపత్రి నుంచి ఇంటికి ప్రయాణిస్తుంది.

చర్చ గాలిలో తేలకుండా ఉండటానికి ఒక ఊరిని ఎదురుగా పెట్టుకుందాం. అనకాపల్లికి ఆనుకొని, జాతీయ రహదారి పక్కన, శారదా నది సమీపంలో ఉన్న మండల కేంద్రం కశింకోట. చుట్టూ చెరకు, వరి పొలాలు. పక్కనే దేశంలో పేరున్న అనకాపల్లి బెల్లం మార్కెట్టు. అక్కడి ఎనభై ఏళ్ల నిరక్షరాస్య మహిళ ఒకరు మీ ముందు కూర్చున్నారని ఊహించుకోండి. ఆమె జీవితమంతా చెరకు పొలంలో పనిచేశారు. ఇప్పుడు ఎం.ఎం.ఎస్.ఇ. కాగితం చేతిలోకి తీసుకోండి.

6.2 సాధనం ఎక్కడ పుట్టింది?

మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్‌ను అమెరికాలో మార్షల్ ఫోల్‌స్టీన్, సూసన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ 1975లో ప్రచురించారు. అప్పటికి వాడుకలో ఉన్న పరీక్షలు చాలా పొడవైనవి. వృద్ధ రోగులు అలసిపోకుండా అయిదు, పది నిమిషాలలో ముగిసే పరీక్ష కావాలన్నది వారి ఉద్దేశం. మొదటి అధ్యయనంలో 206 మంది రోగులను, 63 మంది ఆరోగ్యవంతులను పరీక్షించారు. మనోభావం, భ్రాంతులు వంటివాటిని వదిలి కేవలం గ్రహణశక్తికి పరిమితం కావడం వల్లనే దానికి ‘మినీ’ అని పేరు పెట్టారు. ఈ మాట గుర్తుంచుకోండి. ఇది మొత్తం మనసుకు పరీక్ష కాదని దాన్ని తయారుచేసినవారే చెప్పారు.

మొత్తం 30 మార్కులు ఇలా పంచారు: స్థలకాల జ్ఞానానికి 10, మూడు మాటలను తిరిగి చెప్పడానికి 3, ఏకాగ్రత - లెక్కకు 5, ఆ మూడు మాటలను కాసేపటి తరువాత గుర్తు చేసుకోవడానికి 3, భాషకు 8, బొమ్మ గీయడానికి 1. సాధారణంగా 24 కంటే తక్కువ వస్తే గ్రహణశక్తిలో లోపం ఉందని అనుమానిస్తారు.

దీని మేలును ముందుగా ఒప్పుకోవాలి. ఖరీదైన యంత్రం అక్కరలేదు. అదే రోగిని ఆరు నెలల తరువాత మళ్లీ పరీక్షిస్తే పోల్చి చూసుకోవచ్చు. ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి పంపినప్పుడు ఇద్దరికీ అర్థమయ్యే ఉమ్మడి భాష దొరుకుతుంది. అర్ధ శతాబ్దంగా ఇది నిలిచి ఉండటానికి కారణాలు ఇవే. మన విమర్శ ఈ మేలును కాదనదు. అది ఎవరికి అందుతోందని మాత్రమే అడుగుతుంది.

6.3 కశింకోటలో ముప్ఫై మార్కులు

ఇప్పుడు మన ఉదాహరణలోని మహిళకు మార్కులు వేద్దాం. ఆమె జ్ఞాపకశక్తి చక్కగా ఉందనే అనుకోండి.

100లోంచి 7 తీసివేస్తూ పోవాలి: 93, 86, 79, 72, 65. ఇది బడిలో పలక మీద నేర్చుకునే తీసివేత. ఆమెకు రాదు. 5 మార్కులు పోయాయి. కాగితం మీద రాసిన ఆజ్ఞను చదివి కళ్లు మూసుకోవాలి. 1 మార్కు పోయింది. ఒక వాక్యం రాయాలి. మరో 1 పోయింది. ఒకదానిమీద ఒకటి ఎక్కిన రెండు పంచభుజాలను చూసి గీయాలి. కొడవలి పట్టిన చేతికి పెన్సిలు కొత్త. ఇంకో 1 పోయింది. ఇప్పటికి 8 మార్కులు పోగా మిగిలినవి 22. మిగిలిన ప్రశ్నలన్నిటికీ సరైన జవాబు చెప్పినా ఆమె 24 అందుకోలేరు. జబ్బుతో సంబంధం లేకుండా, బడికి వెళ్లకపోవడం ఒక్కటే ఆమెను ‘అనుమానిత’ జాబితాలో చేర్చింది.

ఇక స్థలకాల జ్ఞానం. “ఏ జిల్లా?” అని అడుగుతారు. ఆమె “విశాఖపట్నం జిల్లా” అంటారు. కశింకోట 2022 ఏప్రిల్ 4 నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలో ఉంది. అంతకుముందు ఆమె జీవితమంతా విశాఖపట్నం జిల్లాయే. ఆమె పుట్టేనాటికి ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో విభజన. ఆమె ఇల్లు కదలలేదు. ఇంటి చిరునామాయే మారుతూ వచ్చింది. అలాంటప్పుడు ‘విశాఖపట్నం’ అన్న జవాబు మతిమరుపా? పాత అలవాటా? “ఎన్నో అంతస్తు?” అన్నది మరో ప్రశ్న. ఒకే అంతస్తు ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ ప్రశ్నకు అర్థమే లేదు. తేదీ, సంవత్సరం అడిగితే ఆమె చెప్పలేకపోవచ్చు. కానీ అనకాపల్లి నూకాంబిక అమ్మవారి కొత్త అమావాస్య జాతర వెళ్లి ఎన్నాళ్లయిందో, ఉగాదికి ఎన్ని రోజులుందో, చెరకు నరుకుడు ఎప్పుడు మొదలైందో తడుముకోకుండా చెబుతారు. ఆమెకు కాలం తెలుసు. మన కాగితానికి ఆమె క్యాలెండరు తెలియదు.

జిల్లా, అంతస్తు, తేదీ, సంవత్సరం - మరో 4 మార్కులు పోగా 18. ఈ లెక్కను మీరు స్వయంగా వేసి చూడండి.

ఇది మన ఊహ మాత్రమే కాదు. అమెరికాలోనే 18,056 మంది పెద్దల మార్కులను విశ్లేషించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిదేళ్లు లేదా అంతకంటే ఎక్కువ చదివినవారి మధ్యగత మార్కు 29. అయిదు నుంచి ఎనిమిదేళ్లు చదివినవారిది 26. నాలుగేళ్లు లేదా అంతకంటే తక్కువ చదివినవారిది 22. అంటే ఆ చివరి వర్గంలో సగం మందికి పైగా 24 గీత కిందనే ఉన్నారు.

దీనికి రెండవ వైపు కూడా ఉంది. ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడిని ఊహించుకోండి. రోజూ వెళ్లే దారి మరచిపోతున్నారు, ఇచ్చిన అప్పు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అయినా ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన అలవాటుతో 27 తెచ్చుకోగలరు. నిరక్షరాస్యురాలికి లేని జబ్బును అంటగట్టే పరీక్షే చదువుకున్నాయన జబ్బును దాచిపెడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
ఎం.ఎం.ఎస్.ఇ.లో అక్షరాస్యత మీద నేరుగా ఆధారపడిన అంశాలు ఏవి? వాటి మొత్తం మార్కులు ఎన్ని? మీ జవాబును 6.3తో పోల్చుకోండి.

6.4 అనువాదం ఎందుకు చాలదు?

“తెలుగులోకి మారిస్తే సరిపోదా?” అని మీరు అడగవచ్చు. ప్రయత్నించి చూద్దాం.

ఎం.ఎం.ఎస్.ఇ.లో తిరిగి చెప్పమనే వాక్యం ఇంగ్లీషులో ‘అయితే’, ‘మరియు’, ‘కానీ’ అనే అర్థాలిచ్చే మూడు చిన్న మాటలతో కట్టినది. ఇంగ్లీషులో అవి విడి మాటలు. విడి మాటలు కాబట్టే పలకడంలో తడబాటు తెలుస్తుంది. తెలుగులో షరతు క్రియకు అంటుకొని వస్తుంది: ‘వస్తే’, ‘తింటే’. ‘మరియు’ పని తరచుగా దీర్ఘమే చేస్తుంది: ‘అన్నా వదినా వచ్చారు’. కాబట్టి మాటకు మాట మార్చితే వచ్చేది తెలుగు వాక్యం కాదు, మూడు తునకలు. వాటిని సరిగా చెప్పలేకపోతే అది మెదడు లోపం కాదు. మన ఉదాహరణలోని మహిళ ఇక్కడ ఇంకో మార్కు పోగొట్టుకుంటారు: 17.

ఏకాగ్రతకు ప్రత్యామ్నాయంగా అయిదక్షరాల ఇంగ్లీషు మాటను వెనుక నుంచి చెప్పమంటారు. తెలుగులో ‘ప్రపంచం’ అన్న మాటను వెనక్కి తిప్పండి. అక్షరాలను తిప్పాలా? గుణింతాన్నీ, ఒత్తునూ విడదీయాలా? చదువుకున్నవారే ఆగి ఆలోచిస్తారు. అదే ఏకాగ్రతను ‘ఆదివారం, శనివారం, శుక్రవారం’ అంటూ వారాలను వెనక్కి చెప్పించి పరీక్షించవచ్చు. దానికి బడి అక్కరలేదు.

వస్తువుల పేర్లు చెప్పించడంలో కూడా జాగ్రత్త అవసరం. ఒకే కాయ బొమ్మను చూపితే కశింకోటలో ‘ఆనపకాయ’ అంటారు, హైదరాబాదులో ‘సొరకాయ’ అంటారు. జవాబుల పట్టికలో ఒకటే ఉంటే రెండవది తప్పవుతుంది. తెలుగు ఒకటే అయినా తెలుగువారి వాడుక ఒకటి కాదు.

సామెతలను వివరింపజేసి అమూర్త ఆలోచనను అంచనా వేయడం మరొక పద్ధతి. ‘దూరపు కొండలు నునుపు’ అంటే ఏమిటని అడిగినప్పుడు “అవును, మా కోడలికి పట్నం అలాగే కనిపించింది” అని ఆమె బదులివ్వవచ్చు. అది నిర్వచనం కాదు. కానీ సామెతను సరైన సందర్భానికి అన్వయించడం అమూర్త ఆలోచన కాక మరేమిటి? నిర్వచనం చెప్పడం పరీక్ష పేపరు అలవాటు. సందర్భం చెప్పడం మాటకారి అలవాటు. రెంటికీ మార్కు ఇవ్వడం తెలియాలి.

6.5 మన దేశంలో జరిగిన ప్రయత్నాలు

ఈ లోపాన్ని మన పరిశోధకులు చాలాకాలం కిందటే గుర్తించారు. హర్యానాలోని బల్లబ్‌గఢ్ గ్రామీణ ప్రాంతంలో, చదువులేని వృద్ధుల కోసం మేరీ గంగూలీ బృందం హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్‌ను రూపొందించి 1995లో ప్రచురించింది. అందులో 20లోంచి 3 చొప్పున తీసివేయమంటారు. చదివి కళ్లు మూసుకోవడానికి బదులు, పరీక్షకుడు చేసినట్టు చేయమంటారు. వాక్యం రాయడానికి బదులు, తమ ఇంటి గురించి ఒక మాట చెప్పమంటారు. దీన్నే అనుసరణ అంటాం. ప్రశ్న మారింది, ప్రశ్న వెనుక ఉన్న సామర్థ్యం మారలేదు. అదే ప్రాంతంలో, రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నారో ఇంటివారిని అడిగి తెలుసుకునే ప్రశ్నావళి కూడా తయారయింది.

తెలుగులో హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం అడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగువారికి అనుసరించింది. తరువాత భారతీయ వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో గ్రహణశక్తి పరీక్షల సంపుటి తయారయింది. అల్లాడి బృందమే 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 648 మంది డిమెన్షియా రోగులలో ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్లు కనిపించింది. ఈ తేడా చదువులేని వారిలోనూ ఉంది. ఇక్కడ మనకు ముఖ్యమైనది ఇది: బడి చదువు ఒక్కటే మెదడుకు వ్యాయామం కాదు. సంతలో మూడు భాషలలో బేరమాడే మనిషి బుర్ర కూడా పనిచేస్తూనే ఉంటుంది. మన పరీక్షలో దానికి మార్కుల గడి లేదు.

అయితే ఈ ప్రయత్నాలు కూడా విమర్శకు అతీతం కావు. బల్లబ్‌గఢ్ ప్రశ్నలు హర్యానా పల్లెకు అమరినవి. వాటిని ఉత్తరాంధ్రకు తెచ్చేటప్పుడు మళ్లీ సరిచూసుకోవాలి. విస్తృతమైన పరీక్షల సంపుటికి శిక్షణ పొందిన మనిషి, తగినంత సమయం కావాలి. రద్దీగా ఉన్న ఓ.పి.లో ఆ రెండూ దొరకవు. అందువల్ల సాధనం మంచిదైనప్పటికీ చివరి బరువు నర్సు పరిశీలన మీదనే పడుతుంది.

6.6 ఒకే అంకె, ముగ్గురు మనుషులు

ఇప్పుడు ఈ భాగానికి గుండెకాయ వంటి విషయానికి వచ్చాం. ముగ్గురు వృద్ధ మహిళలను ఊహించుకోండి. ముగ్గురూ చదువుకోలేదు. ముగ్గురికీ వచ్చిన మార్కులు 17.

మొదటి ఆమె మనం ఇంతవరకు చూసిన మహిళ. ఇల్లు నడుపుతున్నారు, పాలవాడి లెక్క తప్పరు. ఆమెకు జబ్బు లేదు.

రెండవ ఆమె గత రెండేళ్లుగా కొద్దికొద్దిగా మారుతున్నారు. వంటలో రెండుసార్లు ఉప్పు వేస్తున్నారు. తెలిసిన వీధిలో దారి తప్పారు. ఆమెకు డిమెన్షియా కావచ్చు.

మూడవ ఆమె మూడు రోజుల క్రితం వరకు బాగానే ఉన్నారు. జ్వరం వచ్చింది. పగలు మగతగా పడుకుంటున్నారు. రాత్రి లేచి చనిపోయిన భర్తతో మాట్లాడుతున్నారు. మధ్యలో ఒక గంట మామూలుగా ఉంటున్నారు. ఇంటివారు వయసు మీద పడిందనో, గాలి సోకిందనో అనుకుంటున్నారు. ఇది డెలిరియం. పెద్దలు దీన్నే సన్నిపాతం అనేవారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్, న్యుమోనియా, రక్తంలో చక్కెర లేదా సోడియం తగ్గడం, నీరసం, కొత్తగా మొదలుపెట్టిన మందు - కారణం ఏదైనా కావచ్చు. కారణాన్ని పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు. పట్టుకోకపోతే ప్రాణం పోవచ్చు.

‘17 - డిమెన్షియా అనుమానం’ అని ముగ్గురి షీట్ల మీదా ఒకే మాట రాస్తే ఏమవుతుంది? మొదటి ఆమె మాటకు ఇంట్లో విలువ పోతుంది. రహదారి పక్క భూమి మీద వేలిముద్ర విషయంలో ఆమె తరఫున ఇతరులు మాట్లాడటం మొదలుపెడతారు. రెండవ ఆమెకు సరైన మాటే రాసినా, అది అంకెవల్ల కాదు, అదృష్టంవల్ల సరిపోయింది. మూడవ ఆమె చికిత్స అందే గంటలను పోగొట్టుకుంటారు.

వారిని వేరు చేసింది అంకె కాదు, కాలం. ఎప్పుడు మొదలైంది? ఒక్కసారిగానా, మెల్లగానా? రోజులో హెచ్చుతగ్గులు ఉన్నాయా? ఈ మూడు ప్రశ్నలు ఇంటివారికే తెలుసు. డెలిరియం గుర్తింపుకు 1990లో షారన్ ఇనౌయే బృందం ప్రచురించిన పద్ధతి కూడా దీనితోనే మొదలవుతుంది. ఒకటి, ఆకస్మిక ఆరంభం, హెచ్చుతగ్గులు. రెండు, ఏకాగ్రత లోపం. మూడు, క్రమం లేని ఆలోచన. నాలుగు, స్పృహ స్థాయిలో మార్పు. మొదటి రెండూ ఉండి, మిగిలిన రెంటిలో ఒకటి ఉంటే డెలిరియం అని భావించాలి. ఇందులో చదవడం, రాయడం ఎక్కడా లేవని గమనించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
డిమెన్షియాకూ, డెలిరియంకూ మధ్య గల తేడాలను ఆరంభం, గమనం, ఏకాగ్రత అనే మూడు శీర్షికల కింద రాయండి.

6.7 నాడీవ్యవస్థ అంచనా: గ్లాస్గో స్కేలు

గ్రేహామ్ టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ 1974లో ప్రచురించిన గ్లాస్గో కోమా స్కేలు కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 మార్కులు ఇస్తుంది. మొత్తం 3 నుంచి 15. ఎం.ఎం.ఎస్.ఇ. కంటే ఇది చదువుకు దూరంగా ఉంటుంది. ‘మగతగా ఉన్నాడు’, ‘పిలిస్తే పలుకుతున్నాడు’ వంటి అస్పష్టమైన మాటల స్థానంలో చూసింది చూసినట్టు రాయడం నేర్పింది. అది దాని గొప్పతనం.

అయినా ఇక్కడ కూడా భాష దూరుతుంది. రహదారి ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి వచ్చిన కార్మికుడు ఒడియా మాత్రమే మాట్లాడతాడనుకోండి. తెలుగులో అడిగిన ప్రశ్నకు అతడు పొంతన లేని జవాబు చెబితే మాటకు 5 బదులు 3 పడవచ్చు. అతని భాష తెలిసినవారిని పిలిపించేవరకు ఆ గడిలో ‘భాష తెలియదు’ అని రాయడమే నిజాయితీ.

రెండవ లోపం మొత్తంలో ఉంది. పక్షవాతంతో మాట పడిపోయి, కళ్లు తెరిచి, చెప్పినట్టు చేసే రోగికి 4+1+6=11. పిలిస్తే కళ్లు తెరిచి, పొంతన లేని మాటలాడుతూ, నొప్పి ఉన్నచోటికి చేయి తెచ్చే రోగికి 3+3+5=11. అంకె ఒకటే, ప్రమాదం వేరు. కాబట్టి మూడు మార్కులను విడివిడిగా రాయండి. ఒక్క మార్కు తగ్గినా తిరిగి చూడండి. రెండు తగ్గితే వెంటనే వైద్యునికి తెలపండి.

మిగిలిన నాడీ పరీక్షలలో కూడా ఇదే చూపు అవసరం. వాసన నాడికి వాము, లవంగం వాడవచ్చు. కర్పూరం వద్దు, అది అయిదవ నాడిని మండించి తప్పుదారి పట్టిస్తుంది. మడమకు వేలు ఆనించి నడవలేకపోతే చిన్నమెదడును అనుమానించే ముందు మోకాళ్లను చూడండి. పొలంలో అరవై ఏళ్లు వంగిన మోకాళ్లవి.

6.8 నమ్మకమా, భ్రమా?

“ఎవరో చిల్లంగి పెట్టారు” అని రోగి అంటే దాన్ని వెంటనే ‘భ్రమ’ అని రాయకండి. ఉత్తరాంధ్రలో అది చాలామంది ఎరిగిన నమ్మకం. జాతరలో పూనకం వచ్చిన మనిషి మరుసటి రోజు పనికి వెళితే అది జబ్బు కాదు. నమ్మకాన్ని ఊరు పంచుకుంటుందా, లేక ఆ మనిషి ఒక్కరే పట్టుకున్నారా? దానివల్ల తిండి, నిద్ర, పని చెడ్డాయా? ఇంటివారే “ఇది మామూలుగా లేదు” అంటున్నారా? ఈ ప్రశ్నలు వేయండి. అలాగని ప్రతిదాన్నీ ‘ఆచారం’ అని వదిలేయడం కూడా పొరపాటే. ఊరి నమ్మకం వేషంలో జబ్బు దాక్కోవచ్చు.

6.9 నర్సు ఆచరణకు సూచనలు

1. ప్రశ్నలకు ముందు చెవి, కన్ను చూడండి. వినబడని ప్రశ్నకు, శుక్లాల వల్ల కనబడని బొమ్మకు జవాబు ఉండదు.
2. అకస్మాత్తు మార్పు ఉంటే మార్కులు వేసే ముందు గ్లూకోమీటరుతో చక్కెర, ఉష్ణోగ్రత, నాడి, రక్తపోటు, ఆక్సిజన్ చూడండి. మందుల సంచి తెప్పించండి.
3. ‘ఏ అంశంలో మార్కు పోయింది, ఎందుకు’ అన్నది అంకె పక్కన ఒక వాక్యంలో రాయండి. ‘17/30, చదువు లేదు, 8 మార్కులు ఆ కారణంగా’ అన్నది ఉత్త 17 కంటే విలువైన నమోదు.
4. ఇంటివారిని ‘ఏడాది కిందట చేసిన ఏ పని ఇప్పుడు చేయలేకపోతున్నారు?’ అని అడగండి.
5. మార్కు తక్కువైనంత మాత్రాన రోగికి నిర్ణయశక్తి లేదని రాయకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం, చికిత్స విషయంలో సమాచారం అర్థం చేసుకొని, పర్యవసానం గ్రహించి, తన ఇష్టాన్ని మాటతోగానీ సైగతోగానీ తెలపగలిగిన వ్యక్తికి ఆ శక్తి ఉన్నట్టే.

6.10 సంగ్రహం

ఎం.ఎం.ఎస్.ఇ. చౌకైన, ఉపయోగకరమైన సాధనం. కానీ 30లో కనీసం 8 మార్కులు బడిని కొలుస్తాయి. మరికొన్ని చిరునామానూ, క్యాలెండరునూ కొలుస్తాయి. తెలుగులోకి అనువదించినా ఈ లోపం పోదు, అనుసరణ కావాలి. గ్లాస్గో స్కేలు చదువుకు దూరమే గాని భాషకు దూరం కాదు. దాని మొత్తం అంకె వేర్వేరు ప్రమాదాలను ఒకటిగా చూపుతుంది. డెలిరియంను పట్టించేది మార్కు కాదు, మార్పు కాలక్రమం. సాధనాన్ని వదిలివేయమని ఈ భాగం చెప్పదు. అంకె రాసిన చేతితోనే దాని పక్కన కారణం కూడా రాయమని చెబుతుంది. ఆ ఒక్క వాక్యం ఒకరి మాటకు విలువ నిలుపుతుంది, మరొకరి ప్రాణం నిలుపుతుంది.

6.11 నమూనా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 10 వాక్యాలలో జవాబు రాయండి.
1. అనువాదానికీ, అనుసరణకూ గల తేడాను రెండు ఉదాహరణలతో వివరించండి.
2. గ్లాస్గో స్కేలులో మొత్తం అంకె మాత్రమే రాయడం ఎందుకు చాలదు?

II. ఈ ప్రశ్నకు 30 వాక్యాలలో జవాబు రాయండి.
1. ‘ఒకే అంకె, ముగ్గురు మనుషులు’ అన్న వాదనను విమర్శనాత్మకంగా పరిశీలించండి. మీరు ఏకీభవించని అంశం ఉంటే కారణాలతో చూపండి.

III. అభ్యాసం
మీ ఊరిలోని చదువులేని పెద్దవారి స్థలకాల జ్ఞానాన్ని తెలుసుకోవడానికి అయిదు ప్రశ్నలు తయారుచేయండి. మీ ఊరి పండుగలు, పంటలు, సంత రోజులు ఆధారం చేసుకోండి. ఒక్కో ప్రశ్న ఏ సామర్థ్యాన్ని పరీక్షిస్తుందో పక్కనే రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.